సగం కిటికీ

కిటికీ రెక్కకు కట్టిన దారాన్ని చిన్నమ్మాయి రోజూ పొద్దున్నే రాగానే ఒకసారి లాగి చూస్తుంది. పుస్తకాలు కుట్టే దారమే, రెండు పేటలు పేని మైనం రాసినది. ఒక కొస రెక్క గడియకు, ఇంకో కొస గోడ మేకుకు. రెక్క సరిగ్గా సగం తెరుచుకుని అక్కడే నిలబడాలి. బెత్తెడు ఎక్కువ తెరుచుకుంటే కత్తి బాబాయికి మెడ పట్టేస్తుంది. బెత్తెడు మూసుకుంటే కుట్టు పిన్నికి ఊపిరాడదు. ఆ సగం ఎక్కడో స్కేలు పెట్టి కొలిచి, గోడ మీద పెన్సిలుతో గీత కూడా గీశారు. గీత గీసింది చిన్నమ్మాయే. సగం అన్న మాట మొదట అన్నది కూడా ఆమే.

చిన్నమ్మాయి అంటే మరీ చిన్నదేం కాదు. ముప్పై ఆరు నిండాయి, పాపిట పక్కన నాలుగు తెల్ల వెంట్రుకలున్నాయి. ఈ బైండింగు గదిలో చేరిన రోజున అందరికన్నా చిన్నది కాబట్టి ఆ పేరు పెట్టారు. ఆ తరవాత కొత్తగా ఎవరూ చేరలేదు కాబట్టి అదే ఖాయమైపోయింది.

ఇక పిన్ని, బాబాయి అని పిలవడమే గానీ వాళ్ళిద్దరి మధ్యా పోట్లాట తప్ప వేరే చుట్టరికం లేదు. కత్తి బాబాయి కటింగు మిషను కిటికీకీ వీధి తలుపుకీ సరిగ్గా మధ్యలో ఉంటుంది. కిటికీ బార్లా తెరిస్తే గాలి తిన్నగా ఆయన మెడ మీదుగా తలుపులోంచి బయటికి పోతుంది. కుట్టు పిన్ని పీట బంక గది గుమ్మం పక్కన. కిటికీ మూస్తే లోపలి బంక పొయ్యి వేడంతా ఆవిడ వీపుకే. ఇద్దరి బాధా నిజమే, అదే వచ్చిన చిక్కు. రెండు నెలల కిందట ఇద్దరూ వారం రోజులపాటు మాటలు మానేసి, మధ్యాహ్నం చెరో గోడవైపు తిరిగి భోంచేశారు. ఈయన కూర ఆవిడకీ, ఆవిడ కూర ఈయనకీ డబ్బా మూతల్లో మోసింది చిన్నమ్మాయి. వారం తిరిగేసరికి ఆమెకు విసుగొచ్చింది.

"సగం తెరుద్దాం, సగం మూద్దాం. మీ ఇద్దరి మాటా నిలబడుతుంది, నా కాళ్ళూ నిలబడతాయి" అంది.

ఓనరు గారు ఆ సంగతి విని తెగ మెచ్చుకున్నారు. కళ్ళజోడు నుదుటి మీదకి నెట్టుకుని "అదీ మధ్యేమార్గం అంటే" అని రెండుసార్లు అన్నారు. మర్నాటి నుంచి మూడు డబ్బాలూ మళ్ళీ ఒకే బల్ల మీదకి చేరాయి.

అంతా బాగానే ఉంది. కాకపోతే సగం తెరిచిన రెక్క ఏటవాలుగా నిలబడి, లోపలికి వచ్చే గాలినంతా కుడి గోడవైపు తిప్పేసింది. కుడి గోడ పొడుగునా ఉన్నది చిన్నమ్మాయి బల్ల. కిటికీ తెరిచి ఉన్నన్నాళ్ళూ ఆ బల్ల మీద కాగితం కదిలేది కాదు, మూసి ఉన్నప్పుడూ కదిలేది కాదు. సగం తెరిచాకే కదలడం మొదలుపెట్టింది.

ఆమె పని వరస కూర్చడం. అచ్చయి పదహారేసి పేజీలుగా మడిచిన ఫారాలు బల్ల మీద పన్నెండు దొంతులుగా ఉంటాయి. ఈ కొస నుంచి ఆ కొసకు నడుస్తూ ఒక్కో దొంతి మీద నుంచి ఒక్కో ఫారం తీసి ఎడమచేతిలో పేర్చుకుంటూ పోతే, బల్ల చివరికి వచ్చేసరికి ఒక పుస్తకం. మళ్ళీ మొదటికి. నడుస్తూ పాటలు పాడుకునేంత తేలిక ఆమెకు ఆ పని. ఇప్పుడు పన్నెండు దొంతుల మీదా పన్నెండు బరువులున్నాయి. తుప్పుపట్టిన తాళంకప్ప, సగం ఇటుక, పాత గొళ్ళెం, ఎక్కడో ఊడిన తలుపు పిడి, ఇంటి నుంచి తెచ్చుకున్న ఇస్త్రీపెట్టె. బరువు ఎత్తాలి, ఫారం తీయాలి, బరువు పెట్టాలి. ఒక పుస్తకానికి పన్నెండుసార్లు ఎత్తడం, పన్నెండుసార్లు దించడం. మంగళవారం మధ్యాహ్నానికి పొద్దుటి పనిలో సగం కూడా తెమల్లేదు. అందుకని పోయిన వారం చేసినట్టే మధ్యలో ఉన్న మూడు నాలుగు దొంతుల మీద బరువులు తీసేసి, మోచేతితో అదిమిపెడుతూ లాగించేసింది.

మూడూ పదికి మలుపులో బస్సు హారను రెండుసార్లు మోగింది.

"మీ ఆయన వచ్చాడే" అంది పిన్ని, సూది నోట్లో పెట్టుకునే.

"వినపడింది పిన్నీ."

ఇదివరకు ఆ హారనుకి చిన్నమ్మాయి ఎక్కడి ఫారం అక్కడ పెట్టి కిటికీ దగ్గరికి పరిగెత్తేది. మలుపు దగ్గర బస్సు నెమ్మదిస్తుంది కదా, ఆ నాలుగు క్షణాల్లో ఆయన అక్కడి నుంచి చెయ్యెత్తేవాడు, ఈమె ఇక్కడి నుంచి. పదేళ్ళుగా అది ఈ గది గడియారం. దాన్ని బట్టే బాబాయి టీ తాగేవాడు. ఇప్పుడు మోచేయి తీస్తే ఏడో దొంతి లేచిపోతుంది. బస్సు వెళ్ళిపోయిన చప్పుడు విని, ఆమె ఎనిమిదో దొంతి దగ్గరికి జరిగింది.

సాయంత్రం ఇంటికొచ్చాక డ్రైవరు చెప్పులు విడుస్తూనే అడిగాడు.

"నెలన్నర నుంచి కిటికీలో కనపడడం లేదు. నామీద ఏమన్నా కోపమా?"

"మీమీద కోపమొస్తే కిటికీ దాకా ఎందుకండీ, ఇక్కడే చూపిస్తాను కదా."

"అదీ నిజమే." కాసేపు పాదాలు ఒత్తుకుంటూ కూర్చున్నాడు. "రోజూ ముందు సీట్లో కూర్చునే పెద్దాయన కూడా ఇవాళ అడిగాడు, మీ ఆవిడ ఊరెళ్ళిందా అని. బస్సంతా ఎదురుచూస్తుంది, తెలుసా నీకు."

ఆమె నవ్వి, నవ్వు ఆపుకోలేక సంగతంతా చెప్పేసింది. గాలి ఎలా తిరుగుతుందో, ఇస్త్రీపెట్టె ఎటు పోయిందో. ఆయన రెండువారాలుగా ఆ ఇస్త్రీపెట్టె కోసమే వెతుకుతున్నాడు.

"వాళ్ళతో చెప్పలేవూ?"

"ఏమని చెప్పను? సగం అన్నది నేనే కదండీ. మళ్ళీ కదిలిస్తే మళ్ళీ చెరో గోడవైపు తిరుగుతారు. ఇద్దరికీ సరిపోయిందిగా, పోనీండి."

"ఇద్దరికీ సరిపోయింది. ఉన్నది ముగ్గురు" అన్నాడు డ్రైవరు, పెద్దగా ఏమీ అననట్టే, లేచి మంచినీళ్ళు తెచ్చుకోవడానికి వెళ్ళాడు.

బుధవారం పదకొండింటికి ఓనరు గారు బైండింగు గదిలోకి వచ్చారు. చేతిలో ఐదు పుస్తకాలు. తోటపని మీద పుస్తకం అది, పోయిన వారం ఇక్కడే కట్టింది. ఆయన ఒకటి తెరిచి చిన్నమ్మాయి ముందు పెట్టారు.

"చదువమ్మా."

ఎనభయ్యో పేజీ అడుగున 'గులాబీ కొమ్మను ఏటవాలుగా కోసి, కోసిన చోట' అని ఉంది. పేజీ తిప్పింది. తొంభై ఏడో పేజీ. 'తేనెటీగలకు కోపం రాకుండా మూత నెమ్మదిగా తీయాలి.' తిప్పుకుంటూ పోతే తేనెటీగలు అయిపోయి, మళ్ళీ తేనెటీగలే వచ్చాయి. ఆరో ఫారం లేదు. ఏడో ఫారం రెండుసార్లుంది.

ఎలా జరిగిందో ఆమెకు ఆ క్షణంలోనే తెలిసిపోయింది. గాలికి లేచిన ఏడో ఫారాలు పక్కనున్న ఆరో దొంతి మీద వాలాయి. ఆమె అదిమిన మోచేతి కిందే వాలాయి. ఫారాల వీపున నల్ల గీతలుంటాయి, వరస సరిగ్గా ఉంటే అవి మెట్లలాగా కిందికి దిగుతాయి. పుస్తకం చేతికి రాగానే ఆ మెట్లు ఒకసారి చూసుకోవడం ఆమె అలవాటు. ఈమధ్య ఆ తీరికా లేదు.

"తిట్టడానికి రాలేదమ్మా" అన్నారు ఓనరు గారు. నిజంగానే తిట్టే మనిషి కాదాయన, అదే ఇంకా కష్టం. "ఇంకో నాలుగు వందలు శనివారానికి ఇచ్చి తీరాలి. ఇంకోసారి తప్పు వస్తే ఆ పార్టీ మన గుమ్మం తొక్కదు. నువ్వు కొన్నాళ్ళు లోపల బంక పని చూడు. కాస్త మార్పుగా ఉంటుంది. వరస పిన్ని కూరుస్తుంది, బాబాయి సాయం పడతాడు."

"ఎన్నాళ్ళండీ?"

"చూద్దాం."

ఆ చూద్దాం ఎంత పొడుగో ఆ గదిలో అందరికీ తెలుసు. ఇదివరకు అట్టలు వేసే అట్టల తాత కూడా అలాంటి చూద్దాం మీదే లోపలికి వెళ్ళి, పని మానేసే రోజు దాకా అక్కడే ఉన్నాడు. లోపలి గదికి కిటికీ లేదు. పొయ్యి మీద బంక అంటుకోకుండా ఎవరో ఒకరు కలుపుతూనే ఉండాలి కాబట్టి, భోజనం కూడా అక్కడే, ఒక్కళ్ళే. హారను వినపడదు.

చిన్నమ్మాయి బాబాయి వైపు చూసింది. ఆయన కత్తికి నూనె రాస్తున్నాడు, అప్పటికే రాసిన చోటే మళ్ళీ రాస్తున్నాడు. పిన్ని సూది ఒక్కసారి ఆగి, మళ్ళీ కదిలింది. ఇద్దరూ తలెత్తలేదు. మనసు చివుక్కుమంది ఆమెకు. అంతలోనే వాళ్ళు మాత్రం ఏం మాట్లాడతారులే అని తనకు తానే సర్దిచెప్పుకుంది. సర్దిచెప్పడం ఆమెకు అంత బాగా వచ్చు.

"సరేనండీ" అంది.

వెళ్ళేముందు పన్నెండు బరువులూ ఏరి ఒక గంపలో వేసి, బల్ల కిందికి తోసింది. ఎవరి కాలి మీదైనా పడతాయని.

బంక గదిలో మొదటిరోజు ఆమె మధ్యాహ్నం డబ్బా విప్పి, అలవాటు చొప్పున మూతలో కాస్త కూర తీసి పక్కన పెట్టింది. తీసుకునేవాళ్ళు లేరు. కాసేపు ఆ మూతనే చూసి, చివరికి తనే తినేసింది. ఒక చేత్తో తింటూ ఒక చేత్తో బంక కలిపింది. గుమ్మం అవతల పిన్ని గానీ బాబాయి గానీ మాట్లాడుకుంటున్న చప్పుడు లేదు. కలిసి తింటూనే ఉన్నారు, ఎందుకో మాట మాత్రం లేదు.

గురువారం పొద్దున పిన్ని వరస కూర్చడం మొదలుపెట్టింది. లోపల్నుంచి చిన్నమ్మాయి అడుగుల చప్పుడు వింటోంది. పిన్ని అడుగు బరువు, బల్ల చివర ఒక నిట్టూర్పు. ఒక పుస్తకం, రెండు, మూడు. నాలుగోసారి అడుగులు మధ్యలోనే ఆగాయి.

"ఏమిటీ గాలి?" అంది పిన్ని గొంతు.

"ఎక్కడి గాలి? నాకు తగలడం లేదే" అంది బాబాయి గొంతు.

"నీకు తగిలితే ఊరంతా వినపడేది. ఇటొచ్చి చూడు. ఆ ఏడోది పట్టుకో. పట్టుకోవయ్యా."

ఆ తరవాత పక్షుల గుంపు ఒక్కసారిగా లేచినట్టు చప్పుడు. చిన్నమ్మాయి పొయ్యి తగ్గించి, బంక చేతులతోనే గుమ్మంలోకి వచ్చింది. గదంతా ఫారాలు. తేనెటీగలు కిటికీ కింద, గులాబీలు కటింగు మిషను కింద. నడుం పట్టేసిందని రోజూ మూలిగే బాబాయి, మోకాళ్ళు వంగవని చెప్పే పిన్ని, ఇద్దరూ నేల మీద పాకుతూ ఏరుతున్నారు. నవ్వు రావాలి ఎవరికైనా. ఆమెకు మాత్రం రాలేదు. చేతులు కొంగుకు తుడుచుకుని తనూ వంగింది.

"నువ్వు ముట్టుకోకు, బంకవుతుంది" అంది పిన్ని. అని, బల్ల కిందికి దూరిన ఫారం కోసం చెయ్యి చాపి, గంపను లాగింది. తాళంకప్ప తీసి చూసింది. ఇటుక తీసి చూసింది. ఇస్త్రీపెట్టె తీసి ఒళ్ళో పెట్టుకుంది.

"ఇవేమిటి?"

చిన్నమ్మాయి చూపు కిటికీ రెక్క మీదికి పోయింది.

బాబాయి నేల మీద కూర్చునే కిటికీ వైపు చూశాడు. రెక్కను చూశాడు, రెక్క ఏటవాలు ఎటు చూపిస్తోందో చూశాడు. నలభై ఏళ్ళు కాగితాన్ని గీటు తప్పకుండా కోసిన మనిషి, కళ్ళతోనే గీత గీయగలడు. ఆ గీత వచ్చి తిన్నగా ఈ బల్ల మీద ఆగింది.

"రెండు నెలలు" అన్నాడు. "రెండు నెలలు నువ్వు ఈ గాల్లో వరస కూర్చావా?"

"అంత ఎక్కువ గాలేం కాదులే బాబాయ్."

"నోరు మూసుకో" అంది పిన్ని. కోపంగా అనలేదు, ఏడుపు ఆపుకుంటూ అంది. "ఎందుకు చెప్పలేదే?"

చిన్నమ్మాయి చేతికంటిన బంకను గోటితో గీరుకుంది.

"మీరిద్దరూ కలిసి అన్నం తింటున్నారు కదా."

ఒక ఫారం నేల మీద అటూ ఇటూ కదిలి, బాబాయి కాలికి తగిలి ఆగింది.

"ఇప్పుడు చెప్పు" అన్నాడు ఆయన. "నీకేం కావాలి? తెరవాలా, మూయాలా?"

ఆ మాట ఆమెను ఎవరూ అడగలేదు ఇంతవరకు. ఇద్దరి మధ్యా మాటలు మోసేటప్పుడు మూడో మాట ఒకటి ఉంటుందని తనకే తోచలేదు. ఆలోచించింది. పిన్నికి ఏది నచ్చుతుంది, బాబాయికి ఏది నచ్చుతుంది అని మనసు అలవాటుగా ఆ దారినే పోతుంటే, ఆపి వెనక్కి తెచ్చుకుంది.

"తెరిచినా సరే. మూసినా సరే. సగం ఒక్కటే వద్దు" అంది.

"అయితే మూసెయ్" అంది పిన్ని వెంటనే. "నాకేం పర్వాలేదు, కాస్త చెమట పడితే చచ్చిపోతానా."

"మూయడమేమిటి, తెరువు" అన్నాడు బాబాయి. "మెడకి తువ్వాలు చుట్టుకుంటాను."

"రాత్రంతా మూలుగుతావు, మీ ఆవిడ నన్ను తిట్టుకుంటుంది. మూయమంటున్నానా?"

"నువ్వు ఉక్కపోసి పడిపోతే ఎవరు మోస్తారు? తెరవమంటున్నాను."

చూస్తూండగానే గొంతులు లేచాయి. రెండు నెలల కిందటి పోట్లాటే, ఒక్క ముక్క తేడా లేదు, మనుషులు మాత్రం అటు వాళ్ళు ఇటు, ఇటు వాళ్ళు అటు. ఆ గోలకి ఓనరు గారు పై గదిలోంచి దిగి వచ్చారు. నేల మీద పరుచుకున్న ఫారాలు, మోకాళ్ళ మీద ఇద్దరు పెద్దవాళ్ళు, ఒకరి ఒళ్ళో ఇస్త్రీపెట్టె. కళ్ళజోడు నుదుటి మీదకి నెట్టారు.

"ఏమైంది? పోనీ మధ్యేమార్గంగా..."

"వద్దండీ" అన్నారు ముగ్గురూ ఒకేసారి.

పిన్ని బల్ల పట్టుకుని లేచి నిలబడింది.

"నిన్ననే చెప్పాల్సింది, చెప్పలేదు. సిగ్గుపడ్డాను. ఆ ఐదు పుస్తకాలూ నా సూది కింద నుంచే పోయాయండీ. ఫారం తరవాత ఫారం నా చేత్తో కుట్టాను. వీపున మెట్లు విరిగితే ముందు చూడాల్సింది నేను."

"కోసింది నేను" అన్నాడు బాబాయి. "కత్తి కింద పెట్టేముందు నేనూ చూడాలి. ముగ్గురి చేతుల మీదుగా పోయిన తప్పు అది. బంక గదికి పంపితే ముగ్గురినీ పంపండి."

"ముగ్గురూ లోపల కూర్చుంటే శనివారానికి నాకు పుస్తకాలు ఎవరిస్తారయ్యా?" అన్నారు ఓనరు గారు. కిందికి వంగి, చెప్పు దగ్గర పడి ఉన్న ఫారం ఒకటి తీసి, ఏ దొంతిలో పెట్టాలో తెలియక చిన్నమ్మాయి చేతిలో పెట్టారు. "నీ బల్ల నువ్వే చూసుకోమ్మా. బంక నేను చూస్తాను ఈ రెండు రోజులూ. మా నాన్న దగ్గర నేర్చుకున్నదే, మర్చిపోయానేమో చూద్దాం."

ఆయన వెళ్ళగానే పోట్లాట ఆగిన చోటి నుంచి మళ్ళీ మొదలైంది. "నువ్వు చెప్పవే" అని ఇద్దరూ ఆమె వైపు తిరిగారు.

"ఈసారి నేను మధ్యలోకి రాను" అంది చిన్నమ్మాయి. "మీరే తేల్చుకోండి. నేను చేతులు కడుక్కుని వస్తాను."

కడుక్కుని వచ్చేసరికి తేలింది. ఒకరోజు తెరవడం, ఒకరోజు మూయడం. తెరిచిన రోజు బాబాయి ఓర్చుకోవాలి, మూసిన రోజు పిన్ని ఓర్చుకోవాలి. గోడ మేకుకు కట్టిన దారాన్ని పిన్ని విప్పి, చిక్కు తీసి, తన సూదికి ఎక్కించుకుంది.

శుక్రవారం తెరిచారు. బాబాయి తువ్వాలు తలకి, చెవులకి, మెడకి చుట్టుకుని, కళ్ళు మాత్రం కనపడేలా వచ్చాడు. గొణగలేదని కాదు, గొణిగాడు. మధ్యాహ్నం మూడు మూతలూ బల్ల మీద కలిశాయి. చిన్నమ్మాయి నూట తొంభై పుస్తకాలు కూర్చింది, ఒక్కో దాని వీపూ చూసుకుంది, మూడూ పదికి కిటికీలో నిలబడి చెయ్యెత్తింది. డ్రైవరు హారను రెండుసార్లకు బదులు ఐదుసార్లు కొట్టాడు.

శనివారం మూశారు. పిన్ని అట్టముక్కతో విసురుకుంటూ, చెమట తుడుచుకుంటూ, ఒక్క మాట అనకుండా కుట్టింది. బంక గదిలోంచి ఓనరు గారు రెండుసార్లు బయటికొచ్చి ఊపిరి పీల్చుకుని మళ్ళీ లోపలికి వెళ్ళారు. మూడుకల్లా ఆఖరి యాభై పుస్తకాలు మిగిలాయి. మూడూ పదికి మలుపులో హారను మోగింది.

చిన్నమ్మాయి తలెత్తి కిటికీ వైపు చూసింది. రెక్క మూసి ఉంది, అద్దం గరుకుది, బయట వెలుతురు తప్ప ఏమీ కనపడదు. ఇవాళ మూసే రోజు. మాట మాటే. తొమ్మిదో దొంతి మీద నుంచి ఫారం తీసుకుని పదో దొంతి దగ్గరికి జరిగింది.

కటింగు మిషను ఆగింది. బాబాయి లేచి, కుర్చీ మీది తువ్వాలు తీసి చెవులకు చుట్టుకున్నాడు. కిటికీ దగ్గరికి వెళ్ళి గడియ లాగి, రెక్కను బార్లా తెరిచి, గోడకి ఆనించి అరచేత్తో పట్టుకున్నాడు. గాలి తిన్నగా వచ్చి ఆయన ముఖానికి కొట్టింది. పిన్ని కళ్ళు మూసుకుని "అమ్మయ్య" అంది.

"చూస్తావేం?" అన్నాడు బాబాయి. "రా తొందరగా. బస్సు నీకోసం ఆగదు."

ఆమె చేతిలో ఉన్న తొమ్మిది ఫారాలూ బల్ల మీద పెట్టింది. వాటి మీద ఏ బరువూ పెట్టలేదు. పరిగెత్తింది.

సాయంత్రం డ్రైవరు ఇంటికొచ్చి, బల్ల మీద ఇస్త్రీపెట్టె చూసి సంతోషించి, చెప్పులు విడుస్తూ అడిగాడు.

"కిటికీలో నీ పక్కన తలకి తువ్వాలు చుట్టుకుని ఒకాయన నాకు చెయ్యి ఊపాడు. ఎవరాయన?"

"మా బాబాయి" అంది చిన్నమ్మాయి.